చుడితే పట్టీ, వదిలితే గొట్టం
(సందేహాలు – సమాధానాలు)

ప్ర: శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మా డాబా మీదికి కనిపిస్తుంది. ఆదిత్య-ఎల్1లో 6 మీటర్ల బూమ్‌ను టేపులా చుట్టి పంపారని మా సార్ చెప్పారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, సూళ్లూరుపేట

జ: 6 మీటర్ల మాట నిజమేనమ్మా, చుట్టిన మాట కాదు. కార్బన్ ఫైబర్ ముక్కలను కీళ్లతో కలిపి మడిచారు. 2024 జనవరి 11న స్ప్రింగుల బలంతో 9 సెకన్లలో విచ్చుకుంది. 2025 జులైలో అక్కడి నుంచే వెళ్లిన నైసార్ బూమ్ కూడా కీళ్లదే. మీ సార్ చెప్పిన రకం కెనడా వాళ్ల అలూయెట్-1ది. 1962లో ఆ ఉపగ్రహం చుట్టల్లోంచి ఉక్కు పట్టీలు విప్పి, ఈ కొస నుంచి ఆ కొసకు 45 మీటర్ల యాంటెనా చాపింది.

ప్ర: ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. అలా చుట్టుకునే గడ నేను చేయగలనా?
– ముత్తుకూరు పాఠకుడు

జ: ముందు మీ మేస్త్రీ టేపు లాగి చూడండి. అంత పలచని రేకు గాల్లో నిలబడేది దాని ఒంపు వల్ల. ఆ ఒంపును గొట్టమయ్యేదాకా తీసుకెళ్తే మీరడిగిన గడ. బెరీలియం రాగి పట్టీని మెత్తగా ఉండగానే కడ్డీ చుట్టూ ఒత్తి, 315 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు గంటలు ఉంచుతారు. గట్టిపడి, ఆ గుండ్రాన్నే తన రూపమనుకుంటుంది. తర్వాత చదును చేసి డ్రమ్ముకు చుట్టినా, వదలగానే మళ్లీ గొట్టమే.

లెక్క తేలికే. పట్టీ మందాన్ని గొట్టం వ్యాసంతో భాగించండి; చదును చేసేటప్పుడు పై పొర దాదాపు అంత సాగుతుంది. 20 మి.మీ. గొట్టానికి 0.1 మి.మీ. పట్టీ అయితే అర శాతం, మంచి స్ప్రింగ్ స్టీలు ఓర్చుకుంటుంది. బలం కోసమని 0.3 వేశారో, ఒకటిన్నర శాతం! ఇక అది పూర్తిగా గుండ్రం కాదు.

బెరీలియం రాగిని మాత్రం గ్రైండర్ దగ్గరికి తేకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. స్టీలు సంగతి మన ఉప్పుగాలి చూసుకుంటుంది. నన్నడిగితే గాజునార, రెజిన్. నారను 45 డిగ్రీల ఏటవాలుగా అటూ ఇటూ పేర్చి చేసే గడలు చుట్టగా ఉంచితే చుట్టగా, గొట్టంగా ఉంచితే గొట్టంగా నిలుస్తాయి. బిగించి కట్టే పని లేదు.

ప్ర: అంతరిక్షంలో ఎండకు వంగవా? – కోట

జ: వంగుతాయి. 1990లో వెళ్లిన హబుల్ టెలిస్కోపు సౌరఫలకాలను చాపి పట్టుకున్నవి ఇలాంటి గడలే. నీడ దాటి ఎండలోకి వచ్చినప్పుడల్లా ఒక పక్క వేడెక్కి వంగి, టెలిస్కోపునే వణికించాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి ఫలకాలు మార్చారు. కొత్త గడలకు వేడి ఆపే తొడుగులు వేశారు.