ఊపిరి బిగబట్టకు

మైలవరం

చిరంజీవి బుజ్జికి,

అండమాన్‌కి టికెట్లు తీసేసుకున్నావనీ, హావ్‌లాక్‌లో పడవెక్కి పగడపు దిబ్బల దగ్గర స్కూబా చేస్తావనీ మీ అమ్మ చెప్పింది. "వాడికి ఈత వచ్చుగా వదినా, భయమెందుకు" అన్నాను గానీ, నా దిగులంతా నీ ఈత గురించే. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో చూశాను, ఈత బాగా వచ్చినవాళ్లే మాట వినరు.

మునిగితే ఊపిరి బిగబట్టడం నీకు చిన్నప్పటి అలవాటు. బావిలో దూకి అడుగున మట్టి తెచ్చేవాడివి. ఏమీ కాలేదు, ఎందుకంటే పైన పీల్చిన గాలితోనే దిగి, దాంతోనే పైకొచ్చావు. స్కూబా లెక్క వేరు. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. సిలిండర్ ఇచ్చే గాలీ ఆ ఒత్తిడితోనే వస్తుంది. దాన్ని బిగబట్టి పైకి లేచావనుకో, అది రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తులు ఇవ్వలేవు, చిరుగుతాయి. బాయిల్ సూత్రం పరీక్షలో రాసే ఉంటావు, ఇప్పుడు ఒంటికి అన్వయించుకో. కంగారొచ్చినా, మాస్కులోకి నీళ్లొచ్చినా, పీలుస్తూ వదులుతూనే ఉండు. పైకొచ్చేటప్పుడు నువ్వు వదిలిన సన్న బుడగల కంటే ముందు పోవద్దు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమంటే ఆగు.

దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి పుట్టాక కాదు, అంతకుముందే, గజం గజానికీ. సర్దుకోకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించు. జలుబు చేస్తే ఆ పూట మానెయ్; డబ్బు కట్టేశామని దిగడం మనవాళ్ల జబ్బు. ఆరోగ్యం ఫారంలో ఉబ్బసం సంగతి దాచకు. ఇంకోటి, నీళ్లలో బొటనవేలు పైకి చూపితే "బ్రహ్మాండం" అని కాదు, "పైకి పోదాం" అని. ఫొటో కోసం చూపావంటే ఇన్‌స్ట్రక్టర్ నిన్ను బయటికి లాక్కొచ్చేస్తాడు.

పగడం రాయిలా కనిపించే ప్రాణి. మన కృష్ణమ్మ ఒండ్రు, మంచినీళ్లు మోసుకొచ్చే హంసలదీవి దగ్గర బతకదు. దానికి తేట ఉప్పునీళ్లు, వెచ్చదనం కావాలి. ఆ వెచ్చదనం హద్దు దాటితే తెల్లబడిపోతుంది. 2010లో అండమాన్ పగడాలకి అదే గతి పట్టింది. గుండు పగడాలు ఏడాదికి సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. నీ ఫిన్ ఒక్కసారి తగిలితే ఎన్నేళ్ల ఎదుగుదల పోతుందో లెక్కేసుకో. ఒడ్డున దొరికిన ముక్కైనా సంచిలో వేసుకోకు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

కదలకుండా ఉంటే చాలా కనిపిస్తుంది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడొస్తుంది, అది చిటికె రొయ్యల పని. చిలుకచేప పగడాన్ని కొరికి, నమిలి, వెనకనుంచి తెల్లటి ఇసుక వదులుతుంది. ఆ దీవుల్లో జనం మెచ్చుకునే బీచుల ఇసుకలో దాని వాటా తక్కువేం కాదు!

ఆఖరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకు. ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీవిజయపురంలో, ఒక రోజు ఆగి సెల్యులార్ జైలు చూడు. ఆ రోజు హోటల్ ఖర్చు నాది, మీ నాన్నకి చెప్పకు.

ఇట్లు,
బాబాయి