ఏ కుక్కపిల్లను తెచ్చుకుందాం?

గరాచర్మలో మా పక్క వీధి కుక్క ఈనింది. రెండు నెలలయ్యాక రెండు పిల్లలు మిగిలాయి. ఒకే తల్లి పిల్లలే, కానీ ఒకటి పొమెరేనియన్ పోలికతో తెల్లగా, బొచ్చుగా ఉంది. రెండోది తల్లిలాగే గోధుమరంగుది, పొట్టి వెంట్రుకలది. మేమంతా తెల్లదాన్నే ఎత్తుకున్నాం.

"ముందు మూడు సంగతులు చూడండి" అంది అమ్మ.

మొదటిది వాతావరణం. ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా వానలే. ఒత్తు బొచ్చు త్వరగా ఆరదు. చర్మవ్యాధులు వస్తాయి, పిడుదులు కనబడవు. రోజూ తుడవాలి, దువ్వాలి.

రెండోది స్వభావం. చప్పట్లు కొట్టి చూశాం. తెల్లది మెట్ల కిందకు దూరి, ఎంత పిలిచినా రాలేదు. గోధుమది ఉలిక్కిపడి, మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

మూడోది బదిలీ. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. మనకు కొన్నేళ్లకే బదిలీ. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచి చెన్నైకో, విశాఖకో ఓడలో దాదాపు మూడు రోజులు. బెదిరే కుక్కకు అది కష్టం. వదిలేసి వెళితే అది గేటు దగ్గరే ఎదురుచూస్తుంది.

మేం గోధుమదాన్ని తెచ్చుకున్నాం. తెల్లదాన్ని బదిలీలు లేని పక్కింటివారు పెంచుకుంటున్నారు.

ఆలోచించండి: మీరు కుక్కను తెచ్చుకుంటే, బదిలీ అయిన రోజు దాని సంగతేమిటి? ఇంట్లో అడిగి అయిదు వాక్యాలు రాయండి.