సర్వో కుదరకపోతే కారు పాడైనట్టు కాదు

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నా పాత ఆర్‌సీ కారుకి కొత్త రిమోట్, రిసీవర్ పెట్టాను. స్టీరింగ్ తిప్పే సర్వో గుయ్‌మంటూ వేడెక్కుతోంది. కాలిపోయినట్టేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మదనపల్లె

జవాబు: కంగారు పడకండి, ఇలాంటప్పుడు చాలావరకు సర్వో బాగానే ఉంటుంది. పాత అనలాగ్ సర్వోలు సెకనుకు 50 సార్లు సంకేతం అందుకునేలా తయారయ్యాయి. సాన్వా ఎస్‌ఎస్‌ఆర్ వంటి కొత్త మోడ్‌లు అంతకు ఎన్నో రెట్లు పంపుతాయి, వాటికి తగిన డిజిటల్ సర్వోలే తట్టుకుంటాయి. రిమోట్ మెనూలో స్టీరింగ్ ఛానల్‌ను నార్మల్‌కి మార్చి, సర్వో చల్లారాక మళ్లీ చూడండి. సన్నటి మోత మామూలే. వేలు ఆనించలేనంత వేడి, కాలిన వాసన వస్తే మాత్రం బ్యాటరీ తీసేయండి.

ప్రశ్న: మా అబ్బాయి కారులో సర్వోకి 5 తీగలున్నాయి. నేను కొన్నదానికి 3. డబ్బు దండగైందా?
– ఒక తండ్రి, పుంగనూరు

జవాబు: దండగ కాలేదు, ఈ తేడా కొనేటప్పుడు చాలామందికి తెలియదు. 5 తీగల సర్వోలో మోటారు, గేర్లు, కొమ్ము ఎటు తిరిగిందో చెప్పే భాగం మాత్రమే ఉంటాయి. దాన్ని నడిపే సర్క్యూట్ కారులోని బోర్డు మీద ఉంటుంది. అదే రకం 5 తీగల సర్వో తెచ్చుకోండి; లేదా రిసీవర్, మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ విడివిడిగా కొని, ఆ రిసీవర్‌కి సరిపోయే రిమోట్‌తో మీ దగ్గరున్న సర్వోనే వాడుకోండి. తీగలు కోసి అతికించే ప్రయత్నం మాత్రం వద్దు, బోర్డు పోతుంది.

ప్రశ్న: బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఎంజీ996ఆర్ సర్వో కొన్నాను. ఈఎస్‌సీ దానికి 8.4 వోల్టులు ఇస్తోందని ఇప్పుడే తెలిసి భయంగా ఉంది.
– డిగ్రీ విద్యార్థి, కుప్పం

జవాబు: ఇప్పటికీ సాఫీగా తిరుగుతోందంటే అది బతికి బయటపడినట్టే. ఆ సర్వోకి 4.8 నుంచి 7.2 వోల్టులే పరిమితి, 8.4 తట్టుకునేవాటి మీద సాధారణంగా హెచ్‌వీ అని ఉంటుంది. ఈఎస్‌సీ సెట్టింగుల్లో, సర్వోకి కరెంటు అందించే బీఈసీని 6 వోల్టులకు తగ్గించండి. స్టీరింగ్ కాస్త నెమ్మదించడం సహజం. చక్రాలు మధ్యకు రాకపోయినా, వాటంతటవే వణుకుతున్నా సర్వో మార్చేయండి.

ప్రశ్న: బంధువులిచ్చిన పాత కారు సర్వో ప్లగ్గు కొత్త రిసీవర్‌లో దూరడం లేదు. చెక్కితే ప్రమాదమా?
– గృహిణి, పుంగనూరు

జవాబు: ప్రమాదం లేదండీ. మీది ఫుటాబా ప్లగ్గు అయితే, పక్కనుండే చిన్న అంచు తిరగేసి పెట్టకుండా కాపాడటానికే, దాన్ని బ్లేడుతో చెక్కేయవచ్చు. మధ్యలో ఎరుపు, ఒక పక్క నలుపు లేదా గోధుమ, రెండో పక్క తెలుపు, పసుపు లేదా నారింజ ఉంటే సరైన వరుసే. మధ్య తీగ ఎరుపు కాకపోతే ఆగండి. కొన్ని పాత సాన్వా, ఎయిర్‌ట్రానిక్స్ ప్లగ్గుల వరుస వేరు, తెలిసినవారికి చూపించాకే కరెంటు ఇవ్వండి.

ప్రశ్న: డిజిటల్ సర్వో వేశాక చక్రాలు పూర్తిగా తిప్పితే కారు క్షణంపాటు ఆగిపోతోంది. పిల్లలకు ఇవ్వాలంటే భయం.
– ఒక తల్లి, మదనపల్లె

జవాబు: మీ జాగ్రత్త మంచిదేనమ్మా, కానీ కారు చెడిపోలేదు. బలమైన సర్వో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి పడిపోయి రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎక్కువ ఆంపియర్ల బీఈసీ పెట్టించండి, చక్రాలు అడ్డం తగిలాక కూడా సర్వో నెట్టకుండా రిమోట్‌లో ఎండ్ పాయింట్ తగ్గించండి. రిమోట్ ఆపితే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, చక్రాలు గాలిలో ఉండగా పరీక్షించండి. అప్పుడూ చక్రాలు తిరుగుతూనే ఉంటే, సరిచేసేదాకా కారు పిల్లల చేతికివ్వకండి.