పరాయి ఊళ్ళో భోజనం: సింగపూర్ చెప్పే పాఠం

విదేశానికి బయలుదేరే మన విద్యార్థి పెట్టెలో పుస్తకాల కంటే ఆవకాయ, కందిపొడి, అటుకుల బరువే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ సీసాలు ఎన్నాళ్ళు వస్తాయి? నెల తిరిగేసరికి బయట తినక తప్పదు. అప్పుడు రెండు భయాలు పట్టుకుంటాయి: జేబు ఖాళీ అవుతుందేమోనని ఒకటి, కడుపు చెడుతుందేమోనని రెండోది. ఈ రెంటి మధ్యా నలిగి, పూటకో బ్రెడ్డు ముక్కతో సరిపెట్టుకుని, పరీక్షల నాటికి నీరసించిపోయిన కుర్రాళ్ళను నేనెరుగుదును. చౌకైనది చెడ్డదనీ, ఖరీదైనది మంచిదనీ మన మనసుల్లో నాటుకుపోయిన నమ్మకమే దీనికి మూలం. ఆ నమ్మకంలో నిజమెంతో సింగపూర్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

బండ్ల నుంచి కేంద్రాలకు

ఆ నగరానికి పొట్ట చేత పట్టుకుని వలస వచ్చిన కూలీల ఆకలి తీర్చినవాళ్ళు వీధుల్లో తిరిగే చిరు వ్యాపారులు. వాళ్ళ బండ్లకు కుళాయి ఉండేది కాదు, మురుగు పోయే దారీ ఉండేది కాదు. ప్రభుత్వం 1968-69లో దాదాపు 18 వేల మంది వ్యాపారుల పేర్లు నమోదు చేసింది. తరువాత 1971 నుంచి 1986 దాకా కప్పు, కుళాయిలు, మురుగు కాలువలు గల కేంద్రాలు కట్టించి వాళ్ళను అందులోకి మార్చింది. వీటినే హాకర్ సెంటర్లు అంటారు. ఈ సంస్కృతిని యునెస్కో 2020 డిసెంబరులో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వండే మనిషి వాడే, వంటకమూ అదే. కొత్తగా వచ్చినవి మంచినీళ్ళు, మురుగు కాలువ, తనిఖీ. ధర చౌకగానే ఉంది, ప్రమాదం తగ్గింది.

అలాగని కళ్ళు మూసుకుని తినవచ్చా? కూడదు. 2009 ఏప్రిల్‌లో అక్కడి గేలాంగ్ సెరాయ్ తాత్కాలిక మార్కెట్టులో రోజక్ అనే తినుబండారం తిని 150 మందికి పైగా జబ్బుపడ్డారు, ఇద్దరు స్త్రీలు చనిపోయారు. పచ్చి సముద్రపు సరుకులోని సూక్ష్మజీవులు తయారైన ఆహారానికి అంటుకోవడమే కారణమై ఉంటుందని అధికారులు తేల్చారు. 2015లో పచ్చి మంచినీటి చేపలు తిన్నవాళ్ళకు ఒక రకం స్ట్రెప్టోకాకస్ జబ్బు సోకింది. ఆ డిసెంబరులోనే అలాంటి వంటకాలను నిషేధించారు. రెండు చోట్లా దోషం పచ్చి సరుకుది.

చూడవలసినవి

ఆహార భద్రతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐదు సూత్రాలు చెప్పింది. శుభ్రత, పచ్చిదీ వండినదీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, తగిన వేడిలో గాని చలిలో గాని నిలవ ఉంచడం, మంచి నీరూ మంచి సరుకూ వాడడం. సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పెరుగుతాయి. పదార్థం లోపలిదాకా 70 డిగ్రీలకు ఉడికితే చాలామటుకు చచ్చిపోతాయి. మన చేతిలో థర్మామీటరు ఉండదు గాని కళ్ళున్నాయి కదా!

ఒకటి: మన ఎదుట పెనం మీద నుంచి దిగి, పొగలు కక్కుతున్నది తినండి. పొద్దుటి నుంచి గాజు పెట్టెలో చల్లారిపోయినది వద్దు.

రెండు: జనం ఉన్న కొట్టుకే వెళ్ళండి. సరుకు నిలవ ఉండదు.

మూడు: పచ్చి మాంసం కోసిన కత్తి, పీట వండినదానికి తగులుతున్నాయేమో, డబ్బు పట్టిన చేతితోనే వడ్డిస్తున్నారేమో చూడండి.

నాలుగు: కొట్టు ముందు తగిలించిన గ్రేడు అక్షరం చూడండి. ఈ గ్రేడులు ఇచ్చే పద్ధతి అక్కడ 1997లో మొదలైంది.

ఈ నాలుగింటిలో టేబుల్ మీది గుడ్డ ఊసు లేదు, దీపాల ఊసూ లేదు. 'పైన పటారం, లోన లొటారం' అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

లెక్క సంగతి

హాకర్ సెంటరులో ఒక పూట భోజనం సాధారణంగా ఐదారు సింగపూర్ డాలర్లలో తేలిపోతుంది. రెస్టారెంటు ధరల పట్టికలో అంకె పక్కన రెండు కూడిక గుర్తులుంటే జాగ్రత్త. 10 శాతం సేవా రుసుము, దాని మీద 9 శాతం పన్ను (2024 నుంచి) కలుస్తాయి. అంటే 20 డాలర్లని రాసింది 23 డాలర్ల 98 సెంట్లవుతుంది. అడక్కుండా పెట్టే వేరుశనగలకూ తడి రుమాలుకూ కూడా చాలా చోట్ల డబ్బు వేస్తారు. వద్దంటే తీసేస్తారు, మొహమాటపడకండి. అన్నం మీదికి కూరలు ఏరుకునే కొట్లలో చేప, రొయ్య వేయించుకునే ముందే ధర అడగండి.

అక్కడ కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు. సీసా వెంట ఉంటే నీళ్ళ ఖర్చు లేదు. ఖాళీ కుర్చీ దగ్గర కాగితపు రుమాళ్ళ పొట్లం కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటని అర్థం. తిన్న పళ్ళెం మనమే తీసుకెళ్ళి పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి.

శాకాహారులకు ఒక మాట. కూరగాయలే కదా అని తొందరపడవద్దు. ఎండు రొయ్యల ముద్ద, చేపల రసం, ఆల్చిప్పల సాస్ చాలా వాటిలో ఉంటాయి. "మాంసం లేదా?" అంటే లేదంటారు. రొయ్య, చేప, గుడ్డు అని విడివిడిగా అడగాలి. సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉన్న టెక్కా సెంటరులో దోసెలు దొరుకుతాయి. బౌద్ధుల శాకాహార కొట్లూ నగరంలో చాలా ఉన్నాయి.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి కడుపు చెడుతుంది. పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి కొలవాలి. జ్వరం ఎక్కువగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే. ఆ పూట డబ్బు చూసుకోకూడదు.

బాంకాక్ వెళ్ళినా, మరో ఊరు వెళ్ళినా ఈ పరీక్షలే పనికివస్తాయి. నీళ్ళు, మంచుగడ్డల విషయం మాత్రం ఊరూరా కొత్తగా విచారించుకోవాలి. పస్తుండి మిగిల్చిన డబ్బు మందులకు పోతుంది. కాబట్టి మొదటి వారంలోనే మీ వసతికి దగ్గరగా ఇలాంటి కొట్లు మూడు చూసి పెట్టుకోండి, రెండు పూటలా వేడిగా తినండి. చదువు దాని తరువాతే.