రౌటర్ కోడ్ రాయాలంటే ముందు నలుగురు కావాలి

నెట్‌వర్కింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో నేను మొదట అడిగేది ఒకటే. "మీరు కట్టిన నెట్‌వర్క్ చివరిసారి ఎప్పుడు పాడైంది? ఎలా బాగుచేశారు?" ఓఎస్ఐ ఏడు పొరలూ గడగడా అప్పజెప్పిన పిల్లలు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. సబ్‌నెట్ లెక్కలు వచ్చు, సర్టిఫికెట్ ఉంది, పాడైన నెట్‌వర్క్‌తో కుస్తీపట్టిన రాత్రి మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నవాళ్లకైనా, ఆ రాత్రి సంగతి చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద లోటు. ఓపెన్ సోర్స్ నెట్‌వర్కింగ్‌లో పని నేర్చుకునేది, పనిమంతులుగా పేరు తెచ్చుకునేది నలుగురితో చర్చించడం వల్లే.

ఎఫ్ఆర్ రౌటింగ్ కథ చూడండి. మామూలు లినక్స్ మెషీన్‌ను బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ మాట్లాడే రౌటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఇది. దీని మూలం జపాన్ ఇంజినీరు కునిహిరో ఇషిగురో 1996లో మొదలుపెట్టిన జీబ్రా. అందులోంచి క్వాగ్గా పుట్టింది. క్వాగ్గా అంటే జీబ్రా జాతిలోనే అంతరించిపోయిన ఒక జంతువు. క్వాగ్గాను వాడే కంపెనీలు ఎవరికివాళ్లు బోలెడు మార్పులు రాసుకున్నాయి. పంపిన ప్యాచ్‌లను చూసి, చర్చించి, కలుపుకునే పని మాత్రం నత్తనడకన సాగేది. చివరికి వేర్వేరు కంపెనీల డెవలపర్లు ఒకచోట చేరి 2017లో ఎఫ్ఆర్ రౌటింగ్‌ను విడిగా మొదలుపెట్టారు. లినక్స్ ఫౌండేషన్ నీడలో అది ఎదిగింది. కెర్నల్‌కు రూట్లు అందించే డెమన్ పేరు అందులో ఇప్పటికీ జీబ్రానే. మొదట్లో కోడ్ చాలావరకు పాతదే, మారింది దాని గురించి మాట్లాడుకునే తీరు. డెవలపర్లు వారానికోసారి టెక్నికల్ మీటింగ్‌లో కలుస్తారు, వచ్చిన ప్రతి మార్పునూ అందరి ముందే రివ్యూ చేస్తారు. మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టిన సోనిక్ అనే స్విచ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రౌటింగ్ పని చేసేది ఈ ఎఫ్ఆర్ రౌటింగే. డేటా సెంటర్ స్విచ్‌లు తయారుచేసేవాళ్లకు, వాడేవాళ్లకు ఈ కోడ్ తెలిసిన మనుషులు కావాలి. ఉద్యోగాలు ఉన్నది అక్కడే.

మీ కాలేజీలోనూ చిన్న ఎత్తున అలాంటి చోటు ఒకటి మొదలుపెట్టండి. ఐదారుగురు చాలు. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు. సమయం పెట్టేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో, ఊళ్లనుంచి వచ్చేవాళ్ల ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాకే పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి పెట్టుకుంటే సగం మందిని మీరే బయట నిలబెట్టినట్టు.

ఖరీదైన రౌటర్లు అక్కర్లేదు. ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఆర్ రౌటింగ్ ఉచితంగా దిగుతుంది. 'ఐపీ నెట్‌ఎన్‌ఎస్' కమాండ్‌తో రెండు నేమ్‌స్పేస్‌లు తెరిచి, వాటి మధ్య వీఈత్ జత వేస్తే, ఒకే మెషీన్‌లో తీగతో కలిపిన రెండు రౌటర్లు సిద్ధం. రెంటిలోనూ ఓఎస్‌పీఎఫ్ నడపండి. ఇప్పుడు ఒకరు మిగతావాళ్లను బయటికి పంపి, ఒకవైపు ఎంటీయూను 1500 నుంచి 1400కు తగ్గించి ఓఎస్‌పీఎఫ్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. తిరిగొచ్చినవాళ్లు తప్పు కనిపెట్టాలి.

పింగ్ కొడతారు, వెళ్తుంది. హలో ప్యాకెట్లు రెండువైపులా కనిపిస్తాయి, రౌటర్లు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కానీ స్థితి ఫుల్‌కు చేరదు, ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్ దగ్గరే వేలాడుతుంది. ఒకరు పాస్‌వర్డ్ అంటారు, ఇంకొకరు ఏరియా నంబరు అంటారు. అరగంట గడిచాక ఎవరో టీసీపీడంప్ తెరుస్తారు. డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్ లోపల ఎంటీయూ అంకె కూడా ప్రయాణిస్తోందని అప్పుడు కంటపడుతుంది. అవతలివాళ్ల అంకె తను తీసుకోగలిగినదానికంటే పెద్దదైతే ఆ ప్యాకెట్‌ను పక్కన పడేయాలని 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2328లో రాసి ఉంది. అప్పుడు ఆ పేజీ తెరిచి అందరూ కలిసి చదవండి. ఒక్కరే కూర్చుంటే నిద్రపట్టించే ఆ పత్రం ఆ పూట కథలా చదివిస్తుంది.

బీజీపీతోనూ ఇలాగే. రెండు వేర్వేరు ఏఎస్ నంబర్లతో సెషన్ కలుస్తుంది, కానీ రూట్ల సంఖ్య ఉండాల్సిన చోట 'పాలసీ' అన్న మాట కనిపిస్తుంది. కొత్తవాళ్లు దీన్ని బగ్ అనుకుంటారు. అడ్డూ అదుపూ లేకుండా రూట్లు బయటికి పొక్కకూడదని 2017లో ఆర్ఎఫ్‌సీ 8212 పెట్టిన నియమం అది. ఏ రూట్లు తీసుకోవాలో, ఏవి ఇవ్వాలో మీరు రాసేదాకా రౌటర్ కదలదు.

మాట్లాడుకోవడం తెలుగులోనే సాగనివ్వండి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు నోరు విప్పేది అప్పుడే. రాసేది మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి, ఎందుకంటే రేపు మీ ప్రశ్న చదివేది ప్రాగ్‌లోనో టోక్యోలోనో ఉన్న డెవలపర్. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ వెర్షన్, లాగ్‌లో ఏముంది. ఈ ఐదూ ప్రతి వారం ఒక పేజీలో రాసిపెట్టండి. మంచి బగ్ రిపోర్టులో ఉండేవీ ఇవే. ఆరు నెలలయ్యేసరికి మీ దగ్గర పాతిక పేజీలు పోగవుతాయి. రెజ్యుమేలో 'నెట్‌వర్కింగ్‌లో ఆసక్తి' అన్న వాక్యం తీసేసి ఆ పేజీల లింకు పెట్టండి.

తర్వాత అసలు ప్రాజెక్టుకు, అంటే ఎఫ్ఆర్ రౌటింగ్‌కు, వెళ్లండి. కొత్త ఫీచర్ రాయాలన్న తొందర వద్దు. డాక్యుమెంటేషన్‌లో తప్పుగా ఉన్న ఒక కమాండ్, టోపోటెస్ట్‌లనే ప్రాజెక్టు పరీక్షల్లో ఎవరూ పరీక్షించని ఒక సందర్భం, ఇలాంటివి మొదటి ప్యాచ్‌కు బాగుంటాయి. మార్పు ఏ డెమన్‌కు సంబంధించినదో దాని పేరుతో శీర్షిక మొదలవ్వాలి, కింద మీ పేరుతో సైన్డ్ ఆఫ్ బై వరుస ఉండాలి. పంపేముందు మీ బృందంలోనే ఒకరు రివ్యూయర్‌గా కూర్చుని నిర్దాక్షిణ్యంగా చదవాలి. 'ఈ మార్పు ఎందుకు?' అన్న ప్రశ్న మొదట స్నేహితుడి నోట వింటే, తర్వాత తెలియని సీనియర్ అడిగినప్పుడు గుండె జారదు. రెండుసార్లు తిప్పిపంపారంటే మీ పనిని మనసుపెట్టి చదివారన్నమాట, అవమానం అనుకోకండి. ఒక ప్యాచ్ నాలుగుసార్లు మార్చి పంపడం పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ మామూలే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇంకో ఆసరా ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా విద్యార్థులతో కలిసి నడుస్తోంది. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లోనూ, లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్‌లలోనూ స్టైపెండ్‌తో పనిచేసే వీలుంది. దరఖాస్తు తేదీ దగ్గరపడ్డాక పరుగెత్తకండి. అంతకు ముందే ప్రాజెక్టులో మీ ప్రశ్నలు, మీ చిన్న ప్యాచ్‌లు కనిపించి ఉంటే మెంటార్ మీ పేరు గుర్తుపడతారు.

మొదటి సాయంత్రానికి ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, రెండు నేమ్‌స్పేస్‌లు ఉంటే చాలు. సీనియర్లు ఉంటే వాళ్లను వెనక వరుసలో కూర్చోబెట్టండి, కీబోర్డు సెకండియర్ వాళ్ల చేతికివ్వండి. ఎంటీయూ మార్చినవాళ్లు మాత్రం ఎవరెంత బతిమాలినా టీసీపీడంప్ తెరిచేదాకా నోరు విప్పకూడదు.