వాయవ్య గాలి తిరిగాక చేలో, కొట్టంలో జాగ్రత్తలు

రాజస్థాన్ వైపు నుంచి వచ్చే పొడిగాలి పొద్దున పదింటికే ముఖానికి కొడుతోందంటే మహారాష్ట్ర సరిహద్దులోని మన ధర్మాబాద్ రైతులు వడగాడ్పులకు సిద్ధం కావాలి. ఆకాశంలో కొన్ని కిలోమీటర్ల ఎత్తున అధిక పీడనం తిష్ఠ వేస్తే అక్కడి గాలి కిందికి దిగుతూ, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. మబ్బు కట్టదు. నెర్రెలిచ్చిన నల్లరేగడిలో ఆవిరయ్యే తడి ఉండదు కాబట్టి ఎండ వేడంతా గాలికే ఎక్కుతుంది. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పు అంటుంది. 45 తాకితే ఇక ఆ లెక్క కూడా చూడదు. 2015 మేలో ఇలాంటి గాడ్పులే తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి.

అన్నిటికన్నా ముందు పశువుల జొన్న సంగతి. తడి అందక గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ల మీద వచ్చిన పిలకల్లో నాము (సయనైడ్) విషం ఉంటుంది. పచ్చగా ఉంది కదా అని బర్రెను తోలితే కాసేపటికే నోట నురగ, ఎగశ్వాస. కాళ్లు తడబడి కూలిపోతుంది. పశువుల డాక్టరు వచ్చి సోడియం నైట్రైట్, థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు వెంటనే ఇస్తేనే ఆశ. ఈ జొన్నకు నీళ్లు పెట్టి, పూతకు వచ్చాకే కోయండి. బాగా ఎండిన చొప్పతో ఆ భయం తక్కువ. బర్రెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల తోలు. మధ్యాహ్నం ఒళ్లు తడపండి, మేత చల్లపొద్దున, రాత్రి వేయండి.

కళ్లంలో మిరప గలగలమంటే ఎత్తేయండి. ఇంకా ఎండనిస్తే రంగు వెలిసి, పట్టుకోగానే విరిగి గింజ రాలుతుంది. మార్కెట్ యార్డులో ధర తెగేది అక్కడే. తొడిమలు తీసే కూలీలను పదకొండుకల్లా నీడకు పంపండి. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ చుట్టి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

విత్తన పసుపును నీడన, ఆకు కప్పి ఉంచండి. గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ నీటిమీద ఎక్కువ ఆశ వద్దు: సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదిలేస్తారు, మిగిలింది ఎండకు హరించుకుపోతుంది. తడులు రాత్రిపూట ఇస్తే నష్టం తగ్గుతుంది.

రోహిణి కార్తెలో ఉరుములతో ఒక వాన పడగానే పత్తి గింజ వేసేవాళ్లున్నారు. నా మాట వింటే, 75 నుంచి 100 మిల్లీమీటర్లు పడేదాకా ఆగండి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వాతావరణ సలహాలు మరాఠీలో చదవలేనివాళ్లు మేఘదూత్ యాప్‌లో పక్కనే తెలంగాణలో ఉన్న నిర్మల్ జిల్లా తెలుగు సలహా చూడొచ్చు. ఆ జిల్లాలోని బాసర ఎండా మన ఎండా ఒకటే.