సిమ్ ఉన్న డబ్బా

గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్. బిడ్డ అరచేతంత డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏందే బిడ్డా ఇది?"

"రౌటర్ అమ్మా. దీంట్లో సిమ్ ఉంటది. టవర్ సిగ్నల్ పట్టి ఇంట్ల వైఫై ఇస్తది. తీగ అక్కర లేదు. మన నాలుగు ఫోన్లకు ఇదొక్కటే చాలు."

గోడలు సిగ్నల్‌ను తగ్గిస్తాయి. ఇనుప బీరువా మరీ అడ్డం. కనుక డబ్బాను టవర్ వైపు కిటికీ దగ్గర, ఎత్తులో పెట్టాలి. ఎండ మాత్రం తగలరాదు. రామగుండం ఎండ సంగతి మనకు తెలియనిదా!

డేటా లెక్క కూడా చూసుకోవాలి. రోజుకు 2 జీబీ అంటే అందరికీ కలిపి అంతే. గంట సినిమా చూస్తే ఒక జీబీ దాకా పోతుంది. రోజు డేటా అయిపోతే బిడ్డ ఆన్‌లైన్ పాఠం ఆగిపోతుంది.

"బాపు డ్యూటీకి పట్టుకపోతే? గనిలకెల్లి మాట్లాడొచ్చు" అన్నాడు చిన్న కొడుకు.

"ఒద్దు కొడుకా. బొగ్గుల మీథేన్ గ్యాస్ ఉంటది. చిన్న రవ్వకే అంటుకుంటది. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోన్ ఏదీ లోపలికి పోనియ్యరు. గనిల నిప్పురవ్వ రాని ఫోన్లు వేరే ఉంటయి" అంది అమ్మ. టవర్ సిగ్నల్ కూడా భూమి లోపలికి అంత దూరం అందదు.

డబ్బా అడుగున కాగితం మీద పాస్‌వర్డ్ ఉంది. అమ్మ అంకెలు కూడబలుక్కొని చదివింది.

"ఇంటికొచ్చినోళ్లు ఎవరైనా చదువుతరు గదనే?"

నిజమే. సిమ్ అమ్మ పేరు మీద ఉంది. ఆ వైఫైతో ఎవరైనా మోసం చేస్తే పోలీసులు ముందు అమ్మనే అడుగుతారు. అందుకని ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చారు. కొత్తది అమ్మ నోటుబుక్కులో తన చేత్తోనే రాసి పెట్టెలో దాచింది.